పోలీసుల అభ్యంతరం మనకు కాపలా కాదు



ఈ వారం హాస్టల్ స్కాలర్‌షిప్పుల మీద రాస్తానని చెప్పాను. అది వచ్చే భాగానికి జరుపుతున్నాను. నాలుగు రోజులుగా మా విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోలీసు అధికారి మాట్లాడిన వీడియో ముక్క తిరుగుతోంది. హత్యలు, అత్యాచారాలు చేసినవాళ్ల మీద జాలి చూపకూడదట. బెయిలు వద్దు, పెరోలు వద్దు, శిక్ష తగ్గింపు అసలే వద్దట. పోలీసులు మొదటి నుంచీ అభ్యంతరం చెబుతూనే ఉన్నారట, కోర్టులూ ప్రభుత్వాలే మెతకబడుతున్నాయట. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. కొట్టినవాళ్లలో సగం మంది మన వాడల పిల్లలే.

డిగ్రీ రెండో సంవత్సరం చదివే తమ్ముడొకడు నాకు విడిగా రాశాడు. "మేడమ్, మనవాళ్లని చంపినోళ్లు బయటికి రాకూడదని పోలీసులే అంటుంటే మనం వాళ్ల పక్కన నిలబడాలి కదా. మీరెందుకు ఆ వీడియో కింద ఏమీ రాయలేదు?"

ఆ తమ్ముడికి ఇవ్వాల్సిన జవాబు ఇది. ఒక మెసేజ్‌లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఒక మాట తేల్చేస్తాను. మనల్ని చంపినవాళ్లు మెడలో దండలతో జైలు గేటు దాటి రావడం నేను సహించలేను. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి క్షమ గురించి ఉపన్యాసం చెప్పే రకం కాదు నేను. అయినా ఆ చప్పట్లలో చేయి కలపను. ఎందుకంటే ఘోరమైన నేరం చేసినవాడికి మెతకదనం మొట్టమొదట దొరికే చోటు పోలీస్ స్టేషన్ గుమ్మం. దాన్ని ఇచ్చేది పోలీసులు. ఎన్నో ఏళ్ల తర్వాత విడుదల ఫైల్లో "అభ్యంతరం" అని రాసేదీ వాళ్లే. మొదటి పని మర్చిపోయి రెండోదానికి చప్పట్లు కొడితే మోసపోయేది మనమే.

గుమ్మం దగ్గరి కనికరం

మాది నాయుడుపేట. నిన్నమొన్నటి దాకా నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. మా ఎమ్మెల్యే సీటు సూళ్లూరుపేట, ఎస్సీ రిజర్వుడు. ఎంపీ సీటు తిరుపతి, అదీ ఎస్సీ రిజర్వుడే. కాగితం మీద చూస్తే మా ప్రాంతానికి మాట్లాడేవాళ్లు మనవాళ్లే. అయినా ఇక్కడ దెబ్బలు తిన్న ఏ దళిత కుటుంబమైనా స్టేషన్‌కి బయలుదేరే ముందు ఎవరిని తోడు తీసుకెళ్దామా అని ఆలోచిస్తుంది. కంప్లయింట్ రాసిపెట్టడానికి ఒకరు కావాలి, ఎస్‌ఐ ముందు కూర్చుని మాట్లాడగలిగేవాళ్లు ఒకరు కావాలి. నేనూ అలా తోడు వెళ్లినదాన్నే, ఒకటి రెండు సార్లు కాదు. ఏ స్టేషన్ అన్నది ఇక్కడ అనవసరం. ఏ జిల్లా వాళ్లు చదివినా తమ స్టేషన్ గురించే రాశాననుకుంటారు.

అక్కడ జరిగేది వరసగా చెబుతాను.

మొదట రాజీ. "ఒకే ఊళ్లో బతకాల్సినవాళ్లు, కోర్టుల చుట్టూ ఎందుకు తిరుగుతారు" అంటారు. ఎఫ్‌ఐఆర్ కూడా కాకముందే నేరస్తుడికి దొరికే మొదటి క్షమాభిక్ష ఇదే. దీనికి గవర్నర్ సంతకం అక్కర్లేదు.

రాజీకి ఒప్పుకోకపోతే సెక్షన్ల దగ్గర బేరం. హత్యాయత్నం కావలసింది కొట్లాట అవుతుంది. కులం పేరు పెట్టి తిట్టిన మాట కంప్లయింట్‌లో ఉంటుంది, ఎఫ్‌ఐఆర్‌లో కనపడదు. స్టేషన్ రైటరు కలం దగ్గర జారిపోయిన ఆ ఒక్క మాట కోసం తర్వాత కోర్టులో మన సాక్షి గంటల తరబడి బోనులో నిలబడాలి.

మూడోది కౌంటర్ కేసు. దెబ్బలు తిన్నవాళ్ల మీదే ఇంకో ఎఫ్‌ఐఆర్. రెండు వైపులా కేసులున్నాయి కాబట్టి రెండు వైపులా రాజీ పడండి అని మళ్లీ మొదటికొస్తారు.

నాలుగోది నోటీసు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పిలవొచ్చని చట్టం. పాత నేర ప్రక్రియా స్మృతిలో అది 41ఏ, కొత్త చట్టంలో 35(3). ఇష్టమొచ్చినట్టు అరెస్టులు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ అట్రాసిటీ చట్టంలో చాలా నేరాలకు గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. కాబట్టి వాడ మీదికొచ్చి కొట్టినవాళ్లకి కుర్చీ వేసి, టీ తాగించి, నోటీసు చేతిలో పెట్టి పంపడానికి ఆ తీర్పు పనికొస్తోంది. సెల్‌ఫోన్ పోయిందని అనుమానం మీద పట్టుకొచ్చిన యానాది పిల్లవాడి దగ్గర మాత్రం అదే తీర్పు ఎవరికీ గుర్తు రాదు.

ఐదోది ఆలస్యం. అట్రాసిటీ కేసుని డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలని, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలని చట్టమూ నియమాలూ చెబుతున్నాయి. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి తన విధిని కావాలని ఎగ్గొడితే అదే చట్టంలోని సెక్షన్ 4 కింద నేరం. మీ జిల్లాలో ఆ సెక్షన్ కింద ఎంతమంది పోలీసు అధికారుల మీద కేసు పడిందో ఒక్క ఆర్టీఐ దరఖాస్తు పెట్టి అడగండి. వచ్చిన జవాబు చూశాక ఆ వీడియో మళ్లీ వినండి.

ఇన్ని దశల్లో ఇంత కనికరం చూపించిన శాఖ, చివరి దశలో మాత్రం "మేం కఠినం" అంటుంది. కంచే చేను మేసి, పంట పోయిందని పంచాయితీ పెట్టినట్టు.

చుండూరు నేర్పిన పాఠం

1991 ఆగస్టు 6. గుంటూరు జిల్లా చుండూరు. ఎనిమిది మంది దళితుల్ని చంపి, కొన్ని శవాల్ని గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. దాడికి వస్తున్నారు, పారిపొమ్మని పోలీసులే తమని వాడలోంచి తరిమారని, పారిపోయిన పొలాల్లోనే కాపు కాసి నరికారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టమని పోరాడి సాధించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. అప్పటికి పదహారేళ్లు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది.

హైకోర్టు దేన్ని పట్టుకుని వదిలేసిందో చూడండి. చనిపోయిన సమయం రుజువు కాలేదు. ఎక్కడ చంపారో రుజువు కాలేదు. ఎవరు ఎవరిని కొట్టారో సాక్షుల మాటలు పొసగలేదు. ఫిర్యాదులో ఆలస్యం. ఆ తీర్పుతో నాకు ఏకీభావం లేదు, అది వేరే చర్చ. కానీ ఆ జాబితాలో ఉన్నవన్నీ మొదటి రోజుల్లో దర్యాప్తు అధికారి చేతిలో ఉండే పనులే. పంచనామా, వాంగ్మూలం, స్థలం గుర్తింపు, గుర్తింపు కవాతు. వాటిలో పడ్డ చిల్లులోంచే 23 ఏళ్ల తర్వాత నిందితులు నడిచి బయటికొచ్చారు. వాళ్లకి ఎవరూ క్షమాభిక్ష పెట్టలేదు. దాని అవసరమే రాలేదు.

ఇది పాత కథ, ఇప్పుడు మారిందంటారా? 2022 మే 19 రాత్రి కాకినాడలో ఒక దళిత యువకుడు చనిపోయాడు. అధికార పార్టీ ఎమ్మెల్సీ అనంతబాబు దగ్గర డ్రైవర్‌గా పనిచేసినవాడు. ఎమ్మెల్సీ తన కారులోనే శవాన్ని తల్లిదండ్రుల దగ్గరికి తెచ్చి ప్రమాదం అన్నాడు. వాళ్లు నమ్మలేదు, ఆందోళన జరిగింది, మే 23న అరెస్టు చూపించారు. తర్వాత చార్జిషీటు లోపాలున్నాయని కోర్టు నుంచి వెనక్కి వచ్చింది. 90 రోజుల గడువు దాటిపోయిందన్న వాదనే నిందితుడి ఆయుధమైంది. డిసెంబర్ 12న సుప్రీంకోర్టులో మధ్యంతర బెయిలు దొరికింది. నేరం చేశాడా లేదా అన్నది తేల్చాల్సింది కోర్టు, నేను కాదు. నేను అడిగేది పోలీసుల్ని. రాష్ట్రమంతా చూస్తున్న కేసులో, దళిత సంఘాలు రోడ్డు మీద ఉన్న కేసులో, లోపం లేని చార్జిషీటు సమయానికి వేయడం చేతకాలేదా? చేతకాని శాఖ బెయిలు పిటిషన్ మీద ఎంత గట్టిగా "అభ్యంతరం" చెబితే ఏం లాభం?

ఎన్నికల ముందు ఒక రిపోర్టు, తర్వాత ఇంకొకటి

సరే, శిక్ష పడిందనుకుందాం. అప్పుడైనా పోలీసు అభ్యంతరం గట్టిగా నిలబడుతుందా?

మన రాయలసీమదే ఒక కేసు ఉంది. లా చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ దీన్ని తప్పక చదవండి. 1995లో కర్నూలు జిల్లాలో జరిగిన జంట హత్యల కేసులో గౌరు వెంకటరెడ్డికి పదేళ్ల శిక్ష పడింది. 2004 ఎన్నికల్లో ఆయన భార్య కాంగ్రెస్ ఎమ్మెల్యే అయ్యారు. 2005 ఆగస్టులో ఇంకా ఏడేళ్ల దాకా మిగిలిన శిక్షని గవర్నర్ పేరుతో ప్రభుత్వం రద్దు చేసింది. చనిపోయినవాళ్లలో ఒకరి కొడుకు ఏపూరు సుధాకర్ సుప్రీంకోర్టుకి వెళ్లాడు. 2006 అక్టోబర్ 11న కోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది.

ఆ తీర్పులో బయటపడ్డ సంగతి ఏమిటంటే, ఎన్నికల ముందు ఆయన పెరోలుకు వ్యతిరేకంగా ఉన్న అధికారుల మాట ఎన్నికల తర్వాత తిరగబడింది. విడుదలకి పంపిన నివేదికల్లో ఒకదానిలో ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అని కూడా రాశారు. ఖైదీని వదలాలా వద్దా అన్న ప్రశ్నకి పార్టీ సభ్యత్వం ఒక జవాబు! కులం, మతం, రాజకీయ విధేయత చూసి శిక్ష తగ్గించడం వివక్ష అని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అదే మనిషి, అదే నేరం, అదే ఊరు. మధ్యలో మారింది ప్రభుత్వం ఒక్కటే. పోలీసు అభ్యంతరం అనేది గడియారంలో ముల్లు లాంటిదని, కీ ఇచ్చే చేయి వేరే ఉంటుందని ఈ ఒక్క కేసు చాలు చెప్పడానికి.

అభ్యంతరాన్ని ఎవరు లెక్కచేశారు?

ఒక్కోసారి అధికారులు నిజాయితీగానే వ్యతిరేకిస్తారు. అప్పుడేం జరుగుతుంది?

గుజరాత్‌లో బిల్కిస్ బానో కేసు. ఆమె మీద సామూహిక అత్యాచారం చేసి, మూడేళ్ల కూతురితో సహా కుటుంబాన్ని చంపినవాళ్లని వదలొద్దని 2021 మార్చిలో ముంబై సీబీఐ ఎస్పీ రాశాడు. ముంబై ప్రత్యేక కోర్టు జడ్జి కూడా వద్దన్నాడు. అయినా 2022 ఆగస్టు 15న పదకొండు మందినీ వదిలేశారు. దండలు వేశారు, మిఠాయి పంచారు. సిఫారసు చేసిన కమిటీలో ఉన్న గోధ్రా ఎమ్మెల్యే వాళ్లు బ్రాహ్మణులు, మంచి సంస్కారం ఉన్నవాళ్లు అన్నాడు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలని రద్దు చేసి వాళ్లని మళ్లీ జైలుకి పంపింది. పంపించింది బిల్కిస్ పోరాటం. ఎస్పీ రాసిన అభ్యంతరం ఆ ఫైల్లో ఏడాదికి పైగా ఊరికే పడి ఉంది.

ఇక మనవాడి సంగతి. జి. కృష్ణయ్య. మహబూబ్‌నగర్ జిల్లాలో భూమిలేని దళిత కుటుంబంలో పుట్టి, 1985 బ్యాచ్‌లో ఐఏఎస్ అయ్యి, బీహార్‌లో గోపాల్‌గంజ్ కలెక్టర్‌గా పనిచేస్తున్నాడు. 1994 డిసెంబర్ 5న ముజఫర్‌పూర్ దగ్గర ఒక గూండా నాయకుడి శవయాత్ర మూక ఆయన్ని కారులోంచి లాగి చంపింది. ఆ మూకని ఉసిగొల్పినందుకు మాజీ ఎంపీ ఆనంద్ మోహన్‌కి 2007లో ఉరిశిక్ష పడింది. తర్వాతి ఏడాది పట్నా హైకోర్టు దాన్ని యావజ్జీవం చేసింది, 2012లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని చంపినవాడికి ముందస్తు విడుదల లేదని బీహార్ జైలు నియమాల్లో ఒక వాక్యం ఉండేది. 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ వాక్యాన్నే తీసేసింది. అదే నెల 27న ఆనంద్ మోహన్ బయటికొచ్చాడు. ఐఏఎస్ అధికారుల సంఘాలు నిరసన చెప్పాయి. కృష్ణయ్య గారి భార్య ఉమ సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. జిల్లా కలెక్టర్ అంటే జిల్లాలో ప్రభుత్వానికి మరో పేరు. ఆ ఎస్పీలూ డీఎస్పీలూ ఆయన పక్కన నిలబడి పనిచేసినవాళ్లు. ఆయన్ని చంపినవాడిని వదలడానికి ప్రభుత్వం నియమాన్నే మార్చుకోగలిగితే, పొలంలో కూలి చేసే మన మామనో మన అక్కనో చంపినవాడి ఫైల్లో ఎస్పీ పెట్టే సంతకం ఎంత బరువు తూగుతుంది? కృష్ణయ్య కోసం కనీసం ఐఏఎస్ సంఘం ఉంది. కూలివాడి కోసం ఏ సంఘం లేఖ రాస్తుంది?

మన పక్కనే తమిళనాడులో మేలవలవు ఉంది. పంచాయతీ సీటు ఎస్సీలకి రిజర్వు అయిందని, దానికి పోటీ చేసి గెలిచాడని, 1997 జూన్ 30న మురుగేశన్‌ని, ఇంకో ఐదుగురిని పట్టపగలు చంపారు. పదిహేడు మందికి యావజ్జీవం పడింది. 2008లో ముగ్గురిని వదిలారు. 2019 నవంబర్‌లో పదమూడు మందిని వదిలారు. మొదటిసారి అన్నాదురై శతజయంతి పేరు, రెండోసారి ఎంజీఆర్ శతజయంతి పేరు. ఒక పార్టీ వదిలితే ఇంకో పార్టీ వదలలేదనుకోకండి. ఇద్దరు పెద్ద నాయకుల పుట్టినరోజులకి మన శవాలు కానుకలయ్యాయి.

కఠినం ఎవరి మీద?

"అయితే ఏంటి మేడమ్, ఇంకా కఠినంగా ఉండాలనే కదా దీని అర్థం" అంటారని తెలుసు. కఠినం కొత్తగా రావాల్సిన పని లేదు, ఇప్పటికే ఉంది. అది ఎవరి మీద పడుతోందో చూడండి.

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సుకి నిప్పంటుకుని 23 మంది చనిపోయారు. దోపిడీ కోసం వెళ్లిన ఇద్దరు దళిత యువకులకి, చలపతిరావుకీ విజయవర్ధనరావుకీ ఉరి వేశారు. ఆ 23 మంది ప్రాణాల ముందు నేను ఏ సాకూ చెప్పను. 1997లో ఉరికి తేదీ కూడా పడింది. మహాశ్వేతాదేవి లాంటివాళ్లు, పౌరహక్కుల వాళ్లు కదిలితే చివరి నిమిషంలో ఆగింది. 1998లో దళిత రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చాడు. ఆ తర్వాత? గాంధీ జయంతులు వచ్చాయి, రిపబ్లిక్ డేలు వచ్చాయి, విడుదల జీవోలు వచ్చాయి. అరెస్టయి రెండు దశాబ్దాలు దాటినా ఆ ఇద్దరి వంతు రాలేదు. వాళ్ల భార్యలెవరూ ఎమ్మెల్యేలు కాలేదు మరి.

2016లో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉరిశిక్ష పడ్డ ఖైదీలందరి మీదా ఒక అధ్యయనం వేసింది. ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆర్థికంగా చితికినవాళ్లు. నాలుగో వంతు దళితులు, ఆదివాసులు. మన దేశంలో కఠినత్వానికి కులం తెలుసు.

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పూలు చల్లారు. మన పిల్లలూ చల్లారు. ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిపినవేనని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. ఇంకో సంగతి గుర్తుందా? శంషాబాద్ ఘటనకి మూడు రోజుల ముందు, నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక దళిత స్త్రీని అలాగే చెరిచి చంపారు. సమత అని పేరు పెట్టారు. ఆమె కోసం ఏ వంతెన మీదా పూలు చల్లలేదు. దళిత సంఘాలు అరిచి గోల చేస్తే ప్రత్యేక కోర్టు వచ్చింది, 2020 జనవరి 30న తీర్పు వచ్చింది. ఉరి మీద నా అభిప్రాయం వేరు. కానీ తుపాకి పేల్చకుండా, సాక్ష్యం చూపించి, దాదాపు రెండు నెలల్లో విచారణ ముగించొచ్చని ఆ కేసు నిరూపించింది. చేయాలనుకుంటే దర్యాప్తు చేయగలరు. చేయాలనుకోవడమే అసలు ప్రశ్న.

బాబాసాహెబ్ 1949లో రాజ్యాంగ సభలో మరణశిక్షని రద్దు చేయడానికే మొగ్గు చూపాడు. ఆయనకి మన మీద జరిగే హింస తెలియక కాదు. రాజ్యం చేతిలో పెట్టిన కత్తి ముందు ఎవరి మెడ మీదికి వస్తుందో ఆయనకి బాగా తెలుసు.

రెండు మాటల సంగతి

తెలుగు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి రెండు మాటల గురించి చెబుతాను. ఒకటి "క్షమాభిక్ష". శిక్ష తగ్గింపుని మనం ఇప్పటికీ భిక్ష అంటున్నాం. భిక్ష పెట్టేవాడు ఎవరికి పెట్టాలో తన ఇష్టం. మొహం చూసి పెడతాడు, కులం చూసి పెడతాడు, ఓట్లు చూసి పెడతాడు. హక్కు అయితే నియమం ఉంటుంది, కారణం రాయాలి, రాసింది అందరూ చూడాలి. ఏళ్ల తరబడి జైల్లో ఉండి మారిన మనిషిని వదలడానికి నేను వ్యతిరేకిని కాదు. జైళ్లలో మనవాళ్లు తక్కువమందేమీ లేరు. ఆ తలుపు మూసేస్తే లోపల మిగిలేది వాళ్లే.

రెండోది "సత్ప్రవర్తన". ప్రతి విడుదల జీవోలో ఈ మాట ఉంటుంది. ఎవరి ప్రవర్తన సత్తో ఎవరు చెబుతారు? గోధ్రా ఎమ్మెల్యేకి కులంలోనే సంస్కారం కనపడింది. కర్నూలు నివేదికకి పార్టీలో కనపడింది. జైల్లో వార్డర్‌కి ఎదురు చెప్పకపోవడం సత్ప్రవర్తనైతే, బయట ఊళ్లో కూడా ఈ పెద్దమనుషులు ఎస్‌ఐకి ఎదురు చెప్పరు, పక్కన కూర్చుంటారు. సత్ప్రవర్తన తెలియాలంటే వాడు చంపిన మనిషి వాడలోకి వెళ్లి అడగాలి. వాడు వస్తే మీరు ఊళ్లో ఉండగలరా అని అడగాలి. వాడి తరఫువాళ్లు సాక్షుల్ని ఎన్నిసార్లు బెదిరించారని అడగాలి. ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు.

ఏం అడగాలి, ఏం చేయాలి

చప్పట్లు మానేసి మనం అడగాల్సినవి ఉన్నాయి.

అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణతో 15ఏ సెక్షన్ వచ్చింది. బెయిలు, విడుదల, పెరోలు, శిక్ష, వీటిలో దేని మీద కోర్టు విచారణ జరిగినా బాధితులకి ముందుగా తెలియజేయాలి, వాళ్ల మాట వినాలి. ఈ నోటీసు తప్పనిసరి అని 2021లో హరిరాం భంభీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నిందితుడికి బెయిలొచ్చిన సంగతి అతను బుల్లెట్ మీద వాడ ముందు తిరిగాక తెలిసిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ నోటీసు ఎందుకు రాలేదని అడగడం మొదటి పని.

రెండోది, ప్రభుత్వ ఉత్తర్వుతో జరిగే శిక్ష తగ్గింపులో కూడా ఇదే హక్కుని స్పష్టంగా రాయించుకోవాలి. పోలీసు నివేదిక, కలెక్టర్ నివేదిక, ప్రొబేషన్ అధికారి నివేదిక, మూడూ నిర్ణయానికి ముందే బాధిత కుటుంబం చేతికి రావాలి. అవి మారితే ఎందుకు మారాయో కూడా రాయాలి. అప్పుడు ఎన్నికల ముందు ఒక మాట, తర్వాత ఒక మాట కుదరదు. పోలీసు అభ్యంతరం నిజమైనదైతే వెలుతురులో ఇంకా బలపడుతుంది, నాటకమైతే అక్కడే తేలిపోతుంది.

మూడోది మీ పని, విద్యార్థులది. మీ మండలంలో ఒక్క అట్రాసిటీ కేసు తీసుకోండి. ఒక నోటు పుస్తకంలో తేదీలు రాయండి. కంప్లయింట్ ఇచ్చింది ఎప్పుడు, ఎఫ్‌ఐఆర్ అయింది ఎప్పుడు, కంప్లయింట్‌లో ఉండి ఎఫ్‌ఐఆర్‌లో లేని మాటలేవి, డీఎస్పీ ఊరికి వచ్చాడా, చార్జిషీటు 60 రోజుల్లో పడిందా, బెయిలు నోటీసు ఇంటికి వచ్చిందా. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలని నియమం. ఆ పుస్తకం తీసుకుని ఆ కమిటీ సభ్యుల దగ్గరికి వెళ్లండి. కమిటీ కూర్చోకపోతే అదీ ఒక తేదీగా రాయండి. లెక్క రాసిపెట్టిన వాడ దగ్గర రైటరు కలం అంత తేలిగ్గా జారదు.

తమ్ముడూ, నువ్వు అడిగావు, పోలీసుల పక్కన నిలబడాలి కదా అని. వాళ్లు మన ఫిర్యాదుని ఉన్నది ఉన్నట్టు రాసిన రోజున, కౌంటర్ కేసు పెట్టని రోజున, చార్జిషీటు లోపం లేకుండా గడువులో వేసిన రోజున నేనే వచ్చి నిలబడతాను, నిన్నూ పిలుస్తాను. అప్పటిదాకా మనం నిలబడాల్సింది ఎఫ్‌ఐఆర్ కాపీ కోసం స్టేషన్ బయట బెంచీ మీద కూర్చున్న మన పెద్దమ్మ పక్కన.

హాస్టల్ స్కాలర్‌షిప్పుల లెక్కలు వచ్చే భాగంలో. మీ మండలం కేసుల తేదీలు నాకు పంపండి, కుటుంబాల పేర్లు రాయకండి.

జై భీమ్.